మంత్రగత్తె బొమ్మను మలచిన విధము

మా పాఠశాల చేతిపనుల తరగతిలో ఈ సంవత్సరము చేసిన వస్తువులలో నొక చిన్న బొమ్మ యున్నది. దాని యెత్తు అంగుళమునకు రవంత మిక్కిలి. పిడికిట బట్టి మూసినచో కనబడదు. దానిని చేయుటకు మాకు మూడు వారములు పట్టెను. రెండు వారములలో బొమ్మ పూర్తియైనది. మూడవ వారము దాని ముఖమును చెక్కివేసి మరల చేయుటకు సరిపోయినది. ఆ బొమ్మను మలచిన తీరును, అందు మావలన జరిగిన తప్పును, దానిని దిద్దుకొనిన విధమును ఈ వ్యాసమున వ్రాయుచున్నాము. చేతిపని నేర్వగోరు విద్యార్థులకు పని తెలియును. పిల్లలు బల్లమీద బొమ్మలదండులు పేర్చి యాడుట వట్టి కాలక్షేపమని తలచు తలిదండ్రులకు, ఆ కాలక్షేపములో నేమున్నదో కొంత తెలియును.

1. ఆట

బొమ్మల సేనలతో యుద్ధమాడుట ప్రాచీనమైన వినోదము. మన దేశమున పుట్టిన చతురంగమున రథ గజ తురగ పదాతులను నాలుగంగములును గలవు. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నాతడు 1812లో తన రాజునకు యుద్ధపు బల్ల నొకదానిని సమర్పించెను. అతని కుమారుడు ఆ యాట నియమములను దిద్ది 1824లో ప్రకటింపగా, సేనానాయకుల శిక్షణకై దానిని వాడుకొనిరి. ఆంగ్ల రచయిత యగు హెచ్. జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను గ్రంథమున, సీసపు సిపాయిలతో నింటిలో నాడుకొను యుద్ధమునకు నియమములు వ్రాసెను. నిజమైన యుద్ధముకంటె బొమ్మల యుద్ధమే మేలని యాతని యభిప్రాయము. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధ మారంభమైనది.

మేము బొమ్మను చేసినది 1987లో ఇంగ్లండున గేమ్స్ వర్క్‌షాప్ అను సంస్థ వెలువరించిన 'వార్‌హామర్ 40,000' అను నాటకొఱకు. బల్లమీద పాడుపడిన గోడలు, మెట్లు మున్నగువానిని పేర్చి, కొలటేపుతో బొమ్మల నడక కొలిచి, పాచికలు వేసి జయాపజయములు తేల్చుదురు. పెద్ద సేనలతో నాడువారును గలరు. అయిదాఱు బొమ్మల చిన్నదండుతో నాడువారును గలరు. మాది అయిదు బొమ్మల దండు.

ఆ యాటకు వెనుక నొక కథ యున్నది. అది నలుబదియొకటవ సహస్రాబ్దము నాటిది. మానవ సామ్రాజ్యము నక్షత్రముల నడుమ వ్యాపించి యుండును గాని, విద్య క్షీణించి, భయమే పాలకుడై యుండును. ఆ లోకమున కొందఱు పుట్టుకతోనే వింతయగు మనశ్శక్తితో పుట్టుదురు. జనులు వారిని మంత్రగాండ్రని, మంత్రగత్తెలని పిలిచి వెఱతురు. విచారణాధికారులు వారిని వెదకి పట్టుదురు. నల్లనావలలో నెక్కించి రాజధానికి గొనిపోయి, తాళగలవారికి శిక్షణ యిచ్చి కొలువులో నుంచుకొందురు. పెక్కండ్రను చక్రవర్తి దీపమున కాహుతి చేయుదురు. అట్టివారిని వేటాడు విచారణాధికారియే తన దండులో నొక మంత్రగత్తెను పెట్టుకొనుటయు గలదు. ఆమెను చూచి భయపడుట, ఆమె శక్తిని వాడుకొనుట రెండును ఒక్కమారే జరుగుచుండును. మా దండులో నొక విచారణాధికారి, ఇద్దఱు కావలివారు, ఒక లేఖకుడు ఉండిరి. అయిదవ స్థానము మంత్రగత్తెది.

అంగడిలో దొరకు బొమ్మ మా మనసున నున్నట్లు లేదు. అప్పుడు చేయునది మార్పు. ఒక బొమ్మ మొండెము, ఒకదాని తల, మఱియొకదాని చేయి తెచ్చి యతికి, లేనిదానిని లప్పముతో కల్పించి, తనదైన బొమ్మను చేసికొనుటయే ఈ విద్య.

2. కొండపల్లి పాఠము

ఈ పని విదేశములనుండి వచ్చినదని విద్యార్థులు మొదట తలచిరి. కాని విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో బొమ్మలవారు తరతరములుగా చేయుచున్న పని యిట్టిదే. వారు తెల్లపొణికి యను తేలికకఱ్ఱను తెచ్చి, తేమ పోవువఱకు సన్నని సెగను కాచి యారబెట్టుదురు. బొమ్మనంతయు ఒక్క దుంగలో చెక్కరు. మొండెము వేఱు, చేతులు వేఱు, తలపై బుట్ట వేఱుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన బంకలో ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో నతుకుదురు. అతుకుల సందులు పూడ్చుటకును, ముక్కు మొగము దిద్దుటకును ఆ మక్కే పనికివచ్చును. ఆరిన పిదప నునుపుచేసి, సున్నము పూసి, మేకవెండ్రుకల కుంచెతో రంగులు వేయుదురు. దశావతారములు, అంబారీ యేనుగు, తాడిచెట్టెక్కువాడు ఈ తీరుననే పుట్టుచున్నారు.

కోయుట, అతుకుట, పూడ్చుట, పూత, రంగు — ఈ యైదు మెట్లును మా పనికిని వర్తించును. వస్తువులు మాత్రమే వేఱు. కఱ్ఱకు మాఱు ప్లాస్టిక్. మక్కునకు మాఱు రెండు ముద్దలు కలిపి పిసుకు ఎపాక్సీ లప్పము. సున్నమునకు మాఱు ప్రైమరు. ప్లాస్టిక్‌పై సున్నము నిలువక పెచ్చులూడునని పిడుగురాళ్ల సున్నముతోనే పరీక్షించి తెలిసికొంటిమి.

3. కావలసిన వస్తువులు, పని

పదునైన చిన్న చాకు, సన్నని ఆకురాయి, ఉప్పుకాగితము, ఒక మిల్లీమీటరు రంధ్రము చేయు చేతిబరమా, పాత విద్యుత్తీగనుండి తీసిన రాగిపోగులు, గట్టి జిగురు, లప్పము, దబ్బనము, నీళ్లగిన్నె. విదేశముల నీ పనికి వాడు ఆకుపచ్చ లప్పము ఖరీదైనది. మేము హార్డువేరు దుకాణమున దొరకు ఎంసీల్‌తో పని గడపుకొంటిమి. లప్పము పిసుకునపుడు చేతికి తొడుగు వేసికొనవలయును. ప్లాస్టిక్ గాని రెసిన్ గాని రుద్దునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, నీటితో తడిపి రుద్దవలయును. చాకును ఎల్లప్పుడును వ్రేలికి దూరముగ నడుపవలయును.

మొదటి మెట్టు కోయుట. ముసుగుతో నిలువుటంగీ తొడిగిన సన్న్యాసి బొమ్మ నొకదానిని మొండెముగా నెన్నుకొంటిమి. తలను మెడవద్ద, కుడిచేతిని భుజమువద్ద కోసితిమి. ఒక్క కోతలో తెగవలెనని యొత్తరాదు. పలుమార్లు తేలికగా గీచినచో ప్లాస్టిక్ తానే విడిపోవును.

రెండవ మెట్టు అతుకుట. ఇంత చిన్న చేతికి జిగురు మాత్రమే చాలదు. ఆటలో చేయి తగిలినంతనే యూడిపోవును. కావున భుజమున నొక రంధ్రము, చేతిలో నొక రంధ్రము చేసి, రెంటి నడుమ రాగితీగ ముక్క నుంచి యతుకవలయును. రెండు రంధ్రము లెదురెదురుగ కుదురుటకు, ఒకదానిలో రంగుచుక్క వేసి రెండవదానిని దానిపై నొత్తినచో గుఱుతు పడును.

మూడవ మెట్టు పూడ్చుట. లప్పము రెండు ముద్దలను సమపాళముగ తీసికొని, రంగు చారలు లేకుండ పిసుకవలయును. అది గట్టిపడకమున్నే పని ముగింపవలెను; కావున ఒక్కమారు శనగగింజంత మాత్రమే కలుపవలయును. దబ్బనమును నీటిలో ముంచుచు దిద్దినచో లప్పము పనిముట్టున కంటుకొనదు. అంగీమడతలను పైనుండి క్రిందికి, బరువు వ్రాలుచోటి కనుగుణముగ తీయవలయును. మరునాటివఱకు ముట్టరాదు. చినిగిన పైట కొఱకు పలుచని కాగితమును, నీరు కలిపిన తెల్లజిగురులో తడిపి భుజముపై కప్పితిమి. రాగిపోగులు పురిపెట్టి నడుమునకు త్రాడు చేసితిమి.

పీఠమునకు రాయి వెదకుకొన పనిలేదు. మాచర్ల ప్రాంతపు నాపరాతి పొరలు మన పల్నాట ప్రతి గోడకడను దొరకును. గోరంత పొరలను అంచులు విఱిచి పేర్చినచో, బొమ్మకొలతకు అది కూలిన కోట గచ్చువలె నుండును.

ఖరీదైన బొమ్మలు కొనలేనివారు కఱ్ఱతోనే చేయవచ్చును. కాని 28 మిల్లీమీటర్ల కొలతలో కఱ్ఱచేయి విఱుగును. అట్టివారు 54 మిల్లీమీటర్ల కొలతను తీసికొనుట మేలు. 2001లో ఈ సంస్థయే వెలువరించిన 'ఇన్‌క్విజిటర్' అను నాటకు ఆ కొలత బొమ్మలనే వాడిరి.

4. ముఖము

ఇంతవఱకు పని సాఫీగ జరిగెను. తలకడకు వచ్చుసరికి, మంత్రగత్తె ముఖమెట్లుండవలెనని విద్యార్థుల నడిగితిమి. ఒక్కరును ఆలోచింపలేదు. ముడుతలు పడిన ముసలిముఖము, వంగిన ముక్కు, పండ్లులేని నోరు, చిక్కుపడిన నెఱసినజుట్టు అని యందఱు నొకేమాఱు చెప్పిరి. అట్లే చేసితిమి. దబ్బనపు మొనతో నుదుట ముడుతలు గీచితిమి. దవడలు లోనికి నొక్కితిమి. నోటిని నల్లని గుంటగా తీసితిమి. పని బాగుగ కుదిరెనని మాకు గర్వము గలిగెను.

బొమ్మను భూతద్దము క్రింద నుంచి చూపగా, ఒక బాలుడు, "ఇది గేటుకాడ రేగుపండ్లు అమ్మే అవ్వే!" అనెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. నిజముగనే పోలిక యుండెను. తెలియకయే మేము ప్రతిదినము చూచు ముఖమును చేతిలోనికి తెచ్చుకొంటిమి.

నవ్వనిది ఒక్క బాలిక. తరగతి ముగిసిన పిదప ఆమె మాయొద్దకు వచ్చి, "మా ఊళ్ళో మా నాయనమ్మను ఇట్లాగే అంటారు సార్. పక్కింటివాళ్ల దూడ చచ్చిపోయిన కాడ్నుంచి ఆమెను బావికాడికి రానివ్వలా. నీళ్లు నేనే తెస్తా" అని చెప్పి పోయినది.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మన తెలుగునాట చేతబడి, బాణామతి, చిల్లంగి యను పేర్లతో నిందింపబడినవారిని కొట్టిన, చంపిన సంగతులు పత్రికలలో చదువుచునే యున్నాము. మంత్రము స్పష్టముగ పలుకలేకుండునట్లు వారి పండ్లూడబెఱికిన సందర్భములును గలవు. బోసినోరు మంత్రగత్తె గుఱుతని మేము దబ్బనముతో త్రవ్విన గుంటకు అట్టి యర్థముకూడ నున్నదని యప్పుడు స్ఫురించెను. ఇట్టి నిందలను అరికట్టుటకు బీహారు రాష్ట్రము 1999లో ప్రత్యేక శాసనము చేయవలసివచ్చినది. నిందకు గుఱియగువారిలో పెక్కండ్రు స్త్రీలు. అందును ముసలివారు, మగదిక్కు లేనివారు, బీదవారు.

ఇది మన దేశపు మూఢత్వము మాత్రమే యనుకొనరాదు. అమెరికా దేశమున మసాచుసెట్స్ సీమలోని సేలమ్‌లో 1692లో, దైవభక్తులని పేరుపడిన క్రైస్తవులే, మంత్రగత్తెలను నిందపై 19 మందిని ఉరిదీసిరి; ఒక ముదుసలిని రాళ్లక్రింద నణచి చంపిరి. ఆ తీర్పు లిచ్చిన న్యాయాధిపతులలో నొకడగు శామ్యూల్ సీవాల్, 1697లో ఉపవాసదినమున దేవాలయములో నందఱియెదుట లేచి నిలిచి, తన తప్పును ఒప్పుకొని వ్రాసిన పత్రమును బోధకునిచే చదివించెను. చేసిన తప్పు పదిమందిలో చేసినదైనచో, ఒప్పుకొనుటయు పదిమందిలోనే యుండవలయును. మరునాడు తరగతిలో మేము ముందు నవ్వినందుకు క్షమాపణ చెప్పుకొంటిమి. బాలిక సంగతి యెత్తలేదు. చాకు తీసికొని బొమ్మ ముఖమును చెక్కివేసితిమి. ఎంసీల్ గట్టిపడినందున నది త్వరగా పోలేదు.

5. నాగమ్మ

పిమ్మట, ముడుతలు లేకుండ, వంకరముక్కు లేకుండ, ఒక స్త్రీ శక్తిగలదని యెట్లు చూపుదుమను ప్రశ్న వచ్చెను. జవాబు పల్నాటిలోనే దొరకినది.

గురజాల కొలువులో నలగామరాజునకు మంత్రిణియైన నాయకురాలు నాగమ్మ కథ యెఱుగనివారు మన సీమలో లేరు. కోడిపందెములో మాచర్లవారు ఓడి వలసపోవుటకును, 1182 ప్రాంతమున కారెంపూడివద్ద నాగులేటి యొడ్డున జరిగిన పోరునకును ఆమెయే కారణమని కథ నిందించును. కారెంపూడిలో వీరుల గుడియున్నది. అచట వీరుల యాయుధములకు నేటికిని పూజ జరుగును. నాగమ్మ యా కథకు ప్రతినాయిక. అయినను ఆమెను వికారరూపిణిగా నెవ్వరును తలపరు. 'పల్నాటి యుద్ధము' 1947లో చలనచిత్రముగ వచ్చినపుడు కన్నాంబగారును, 1966లో మరల వచ్చినపుడు భానుమతిగారును ఆ పాత్ర ధరించిరి. ఇరువురును ముక్కు వంకర చేసికొనలేదు. నిలువు, చూపు, మాట — వీనితోనే సభను శాసించిరి.

ఇచట మాటనుగూర్చి యొక సంగతి చెప్పవలయును. మంత్రమనగా నాలోచన యనియు నర్థము గలదు. మంత్రి యను మాట దానినుండియే వచ్చినది. అందము గలది అందగత్తె యైనట్లు, మంత్రము గలది మంత్రగత్తె. ఆలోచన గల పురుషుని మంత్రియనియు, ఏదియో తెలిసిన స్త్రీని మంత్రగత్తె యనియు పిలుచుట మనకలవాటైనది. ఒకేమూలమునుండి వచ్చిన రెండుమాటలలో నొకటి గౌరవమునకు, ఒకటి రాళ్లదెబ్బలకు దారితీయుట విద్యార్థులు గమనింపదగినది.

6. దిద్దుబాటు

రెండవమాఱు ముఖమునకు నడివయసు స్త్రీ తల నొకదానిని తీసికొంటిమి. కన్నులు మూసి, పెదవులు బిగించి యున్నది. ఆమె శక్తిని ముఖముతో గాక చుట్టునున్న వస్తువులతో చూపితిమి. పీఠమునుండి సన్నని రాగితీగలు మూడు లేపి, వానికొనల నాపరాతి పొరలను గ్రుచ్చితిమి. తీగలు అంగీమడతలచాటున నుండుటచే ఱాళ్లు గాలిలో తేలుచున్నట్లుండును. పాదమునకు దబ్బనముతో రంధ్రముచేసి, తీగపై నిలిపి, నేలనుండి జొన్నగింజయెత్తు పైకి లేపితిమి.

ఆమె వేటాడబడునదని చూపుటకు మెడకు లప్పముతో నినుపపట్టెడ చుట్టి, దానినుండి రాగిపురి గొలుసు నొకటి విచారణాధికారి పీఠమువైపు జారవిడిచితిమి. గొలుసు రెండవకొన ఆతనిచేతిలో నుంచితిమి. చూచువాడు మొదట ఱాళ్లను చూచి వెఱచును. తరువాత పట్టెడను చూచును. ఆ తరువాత గొలుసు వెంబడి పోయి దానిని పట్టినవానిని చూచును. ఈ క్రమము మేము కోరినదే.

రంగువేయుటకు ముందు బొమ్మను సబ్బునీట కడిగి యారబెట్టి, పలుచగా ప్రైమరు పూయవలయును. రంగును నీటితో పలుచనచేసి, దట్టముగ నొకపూత వేయుటకు మాఱు పలుచగ రెండుపూతలు వేయవలయును. లేనిచో మడతలు పూడిపోవును. ఆరిన పిదప మిక్కిలి పలుచని నల్లగోధుమరంగును పాఱించినచో నది మడతలలో నిలిచి నీడలగును. చివర, కుంచెను రంగులో ముంచి గుడ్డపై తుడిచి, దాదాపు పొడికుంచెతో ఎత్తైన అంచులను తాకినచో వెలుగు పడును. అంగీకి బూడిదరంగు, పట్టెడకు త్రుప్పురంగు వేసితిమి. పైటకు మాత్రము పల్నాటి మిరపకల్లముల యెఱుపు వేయుదమని ఆ బాలికయే చెప్పెను. చీకటిరంగుల దండులో ఆ యొక్కయెఱుపే మొదట కంటబడును.

7. ముగింపు

వార్షికోత్సవపు ప్రదర్శనమున ఈ దండును బల్లపై నుంచితిమి. చూడవచ్చిన పెద్దలలో పెక్కండ్రు, "ఈమె ఎవరు? మెడకు గొలుసెందుకు?" అని యడిగిరి. "ఇది మంత్రగత్తె" అని యెవ్వరును తామై చెప్పలేదు. మేము చెప్పిన పిదప కొందఱు, "అట్లు కనబడదే" అనిరి. ఎట్లు కనబడవలెనని తిరిగి యడుగగా చెప్పబోయి యూరకుండిరి. మా పని నెఱవేఱినదనుకొంటిమి.

విద్యార్థులారా, బొమ్మను మార్చుట తేలిక. చాకు, తీగ, శనగగింజంత లప్పము చాలును. ఊరివారు ఒకరికి పెట్టిన పేరును మార్చుట దానివలె సులభము కాదు. కాని ఆ పేరు విని నవ్వినపుడు మనమును దానిని మలచినవారిలో చేరుచున్నామని మాకు తెలిసివచ్చినది. ఆ బాలిక వీధిలోని బావిగూర్చి ఆ గ్రామపెద్దలతో మాటలాడుటకు మా ఉపాధ్యాయులిద్దఱు ఒకమాఱు పోయివచ్చిరి, మరలపోవలసి యున్నది.

ఈ యాటలో బొమ్మల పీఠముల యడుగున పేర్లు వ్రాయు నలవాటు గలదు. మంత్రగత్తె పీఠము క్రింద ఆ బాలిక సన్నని కుంచెతో నొకపేరు వ్రాసినది. బొమ్మ తరగతి బీరువాలో పైయరలో నున్నది. చూడగోరువారు వచ్చి చూడవచ్చును. పీఠమును మాత్రము తిరుగవేయవద్దని మనవి.